నడుము నొప్పి లెక్క: ఖర్చు ఒకరిది, మిగులు ఇంకొకరిది

నెదర్లాండ్స్‌లో నడుము నొప్పితో ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న 134 మందిని పరిశోధకులు రెండు గుంపులుగా విడగొట్టారు. ఎవరు ఏ గుంపులో పడాలో చీటీలు తీసినట్టు తేల్చారు. 68 మందికి అక్కడ అందరికీ అందే మామూలు వైద్యమే అందింది. 66 మందిని మాత్రం ఒక జట్టు చూసింది. ఏడాది పాటు రెండు గుంపులనూ గమనించారు. తిరిగి పనిలో చేరి నిలదొక్కుకోవడానికి మామూలు వైద్యం పొందినవాళ్లకు మధ్యస్థ లెక్కన 208 రోజులు పట్టింది. జట్టు చూసినవాళ్లకు 88 రోజులే పట్టింది. ఈ ఫలితం 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

తేడా 120 రోజులు, అంటే నాలుగు నెలల జీతం. కానీ అదే పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. నొప్పి తగ్గడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. జట్టు చూసినవాళ్లు మెరుగ్గా వంగగలిగారు, నడవగలిగారు, పని చేయగలిగారు. నొప్పి మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది.

దీర్ఘకాలిక నొప్పి చికిత్సకు పెట్టే డబ్బు గిట్టుబాటు అవుతుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు ఫలితాల మధ్యే ఉంది. నొప్పి ఎంత తగ్గిందని మాత్రమే కొలిస్తే జట్టు వైద్యం పెద్దగా సాధించిందేమీ కనపడదు. మనిషి మళ్లీ తన పని తాను చేసుకుంటున్నాడా అని కొలిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది.

జట్టులో ఎవరుంటారు, ఏం చేస్తారు

మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని, లేదా తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పులో దీనికి సొంత స్థానం దక్కింది. ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. తగిలిన దెబ్బ మానిపోయినా, స్కానింగులో కారణమేమీ కనపడకపోయినా నొప్పి ఉండిపోవచ్చు. అప్పుడది కండరానిదో ఎముకదో మాత్రమే కాదు. నిద్ర, భయం, ఇంట్లో పరిస్థితి, చేసే పని అన్నీ దానిలో కలిసిపోయి ఉంటాయి. అందుకే ఒక్క డాక్టరు, ఒక్క మాత్ర, ఒక్క ఇంజెక్షను చాలడం లేదు.

ఈ సంగతిని ముందుగా గట్టిగా పట్టుకున్న మనిషి జాన్ బోనికా. ఇటలీలోని ఫిలికూడి దీవిలో 1917లో పుట్టి అమెరికా చేరాడు. చదువు ఖర్చుల కోసం కుస్తీలు పట్టి, తర్వాత మత్తు డాక్టరయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు వైద్యం చేస్తూ, ఒక్కడి తెలివితో తేలని కేసుల మీద వేర్వేరు శాఖల డాక్టర్లను పిలిచి కలిసి మాట్లాడటం మొదలుపెట్టాడు. 1960లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వచ్చాక ఆ పద్ధతినే ఒక క్లినిక్‌గా మార్చాడు. అక్కడే విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త ఇంకో మెట్టు ఎక్కించాడు. నొప్పి పుట్టినప్పుడల్లా మాత్ర, నొప్పి పుట్టగానే విశ్రాంతి అనే పద్ధతే మనిషిని మంచానికి కట్టేస్తోందని ఆయన గమనించాడు. మాత్రను గడియారం ప్రకారం ఇచ్చి మెల్లగా తగ్గించాడు. నడకను కూడా ముందే అనుకున్న మోతాదు ప్రకారం పెంచాడు. ఇవాళ పది నిమిషాలు నడవాలని రాసుకుంటే నొప్పి ఉన్నా పదే, లేకున్నా పదే. వారం తర్వాత పన్నెండు.

నెదర్లాండ్స్ జట్టు కూడా దాదాపు ఇదే చేసింది. పనికి సంబంధించిన ఆరోగ్యం చూసే డాక్టరు అందరినీ కలిపి నడిపించాడు. ఫిజియోథెరపిస్టు మోతాదు ప్రకారం కదలిక నేర్పాడు. మరో నిపుణుడు రోగితోనూ, అతని పై అధికారితోనూ కూర్చుని ఉద్యోగంలో ఏ పని అడ్డంగా ఉంది, దాన్ని ఎలా మార్చవచ్చు అని మాట్లాడాడు. ఆఖరిది మన దగ్గర దాదాపు ఎవరూ చేయరు. బట్టల దుకాణంలో రోజంతా నిలబడే అమ్మాయికి మాత్రలు రాసిచ్చే డాక్టరు, గంటకోసారి కూర్చోనిమ్మని ఆమె యజమానితో చెప్పడు. ఆ మాట చెప్పడం వైద్యంలో భాగమే.

జట్టు అంటే నలుగురు నిపుణుల దగ్గరికి నాలుగు చీటీలు రాసివ్వడం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. ఒకరు ‘డిస్క్ అరిగిపోయింది, వంగొద్దు’ అంటారు. ఇంకొకరు వంగే వ్యాయామం నేర్పుతారు. మూడో ఆయన బెల్టు పెట్టుకోమంటాడు. రోగి మూడింటికీ డబ్బు కడతాడు, ఒక్కదాన్నీ నమ్మడు. నిపుణులు తమలో తాము మాట్లాడుకుని రోగికి ఒకే మాట చెప్పినప్పుడే అది జట్టు.

పౌండ్లలో తేలిన లెక్క

ఆ 134 మందికి ఏడాదిలో అయిన మొత్తం ఖర్చును, అంటే వైద్యం ఖర్చునూ పని పోవడం వల్ల కలిగిన నష్టాన్నీ కలిపి లెక్కగట్టారు. మామూలు వైద్యం గుంపులో ఒక్కొక్కరికి సగటున 18,475 పౌండ్లు. జట్టు గుంపులో 13,165. అంటే 5,310 పౌండ్లు తక్కువ. జట్టు కోసం అదనంగా పెట్టిన ప్రతి పౌండుకూ సమాజానికి 26 పౌండ్లు తిరిగి వచ్చాయని పరిశోధకులు తేల్చారు.

ఒకటికి ఇరవై ఆరు అనగానే కళ్లు చెదురుతాయి. కాస్త ఆగి చూడాలి. ఆ అదనపు పెట్టుబడి మనిషికి సుమారు రెండు వందల పౌండ్ల పైచిలుకే. తిరిగి వచ్చినదాంట్లో అత్యధిక భాగం మనుషులు త్వరగా పనిలో చేరడం వల్ల మిగిలింది, ఆస్పత్రి బిల్లు తగ్గి మిగిలింది కాదు. పైగా ఒక్కో రోగి ఖర్చు సగటుకు ఎంత అటూ ఇటూ ఉందో చూస్తే ఆ వ్యత్యాసం దాదాపు సగటంత పెద్దది. కొద్దిమంది చాలా ఖరీదైన రోగులు మొత్తాన్ని శాసించారన్నమాట. ఆ కొద్దిమంది నెలల తరబడి ఇంట్లో ఉండిపోకుండా చూడగలిగితే లెక్క గెలుస్తుంది. చూడలేకపోతే ఓడిపోతుంది.

మరి ఇతర పరిశోధనలు ఏమంటున్నాయి? వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కొక్రేన్ సంస్థ కోసం కాంపర్ బృందం 2014లో 41 ప్రయోగాలను, 6,858 మంది రోగులను కలిపి విశ్లేషించింది. మామూలు వైద్యంతో పోలిస్తే జట్టు వైద్యం దీర్ఘకాలంలో నొప్పిని 10 పాయింట్ల కొలమానంలో అర పాయింటు తగ్గించింది. అర పాయింటు అంటే చాలామందికి తేడా తెలియకపోవచ్చు. ఫిజియోథెరపీ వంటి శారీరక చికిత్సలతో మాత్రమే సరిపెట్టిన వాళ్లతో పోల్చినప్పుడు మాత్రం తిరిగి పనిలో ఉండే అవకాశం, గణాంకవేత్తలు ఆడ్స్ అనే లెక్కలో, 1.87 రెట్లు ఎక్కువ. నెదర్లాండ్స్ కథే ఇక్కడా కనపడుతోంది. నొప్పి మీద ప్రభావం చిన్నది, బతుకు మీద ప్రభావం పెద్దది.

శస్త్రచికిత్సతో పోటీ పెట్టి చూసిన ప్రయోగం బ్రిటన్‌లో జరిగింది. 349 మందిలో సగం మందికి వెన్నుపూసలను బిగించే ఆపరేషను, సగం మందికి సుమారు 75 గంటల జట్టు పునరావాస శిక్షణ. 2005లో ఫలితాలు వచ్చాయి. ఎంత పని చేసుకోలేకపోతున్నారో కొలిచే స్కోరు ఆపరేషను గుంపులో 46.5 నుంచి 34కి, శిక్షణ గుంపులో 44.8 నుంచి 36.1కి తగ్గింది. ఆపరేషనుకు కొద్దిపాటి మొగ్గు ఉంది. ఖర్చు చూస్తే రెండేళ్లలో ఆపరేషను గుంపులో మనిషికి 7,830 పౌండ్లు, శిక్షణ గుంపులో 4,526 పౌండ్లు. శిక్షణ గుంపులో 28 శాతం మంది ఆ రెండేళ్లలో ఆపరేషను కూడా చేయించుకున్నారు, ఆ ఖర్చు కూడా కలిపిన లెక్క ఇది.

అదనంగా పెట్టిన ఆ 3,304 పౌండ్లకు ఏం కొనుక్కున్నట్టు? ఆరోగ్య ఆర్థికవేత్తలు దీన్ని కొలిచే కొలమానం పేరు క్వాలీ. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాది ఒక క్వాలీ. ఆపరేషను ద్వారా ఒక క్వాలీ అదనంగా సంపాదించాలంటే 48,588 పౌండ్లు అవుతుందని తేలింది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఆ కాలంలో ఒక క్వాలీకి 20 నుంచి 30 వేల పౌండ్ల వరకే సబబని భావించేది. అదే లెక్కను వెనక్కి చేసి చూస్తే ఒక్కో రోగికి దక్కిన అదనపు లాభం రెండేళ్లలో సుమారు 25 పూర్తి ఆరోగ్య దినాలు. దానికి కత్తి ప్రమాదం అదనం.

ఇంకో పక్క వార్విక్ విశ్వవిద్యాలయం నడిపించిన ప్రయోగం ఫలితాలు 2010లో లాన్సెట్‌లో వచ్చాయి. ఇంగ్లాండులో 56 ప్రాథమిక వైద్య కేంద్రాల నుంచి 701 మంది. ఒకసారి విడిగా మాట్లాడి, తర్వాత ఆరు సార్లు వరకూ గుంపుగా కూర్చోబెట్టి నొప్పి గురించిన భయాలను, కదలికను, రోజువారీ లక్ష్యాలను చర్చించారు. నడిపించింది పెద్ద నిపుణులు కాదు, రెండు రోజుల శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు, నర్సులు, మనస్తత్వ నిపుణులు. ఏడాది తర్వాత ఒక క్వాలీకి అయిన ఖర్చు 1,786 పౌండ్లు. ఆపరేషనుకు అయిన 48 వేలు పక్కన పెట్టుకుని చూడండి. రెండు ప్రయోగాల్లో రోగులు ఒకేలాంటివాళ్లు కారు కాబట్టి ఈ రెంటినీ తూకం వేసి తీర్పు చెప్పకూడదు. కానీ మొదట దేనికి డబ్బు కట్టాలో తెలియడానికి అది చాలు. బ్రిటన్ మార్గదర్శకాలు 2016లో అదే పని చేశాయి. శారీరక, మానసిక చికిత్సలు కలిపిన కార్యక్రమాన్ని సిఫారసు చేసి, నడుము నొప్పికి వెన్ను బిగింపు ఆపరేషనును పరిశోధన ప్రయోగాల్లో తప్ప వద్దన్నాయి.

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతున్నా, మలమూత్రాల మీద అదుపు పోతున్నా, జ్వరం ఉన్నా, ఇదివరకు క్యాన్సరు వచ్చి ఉన్నా ఈ లెక్కలేవీ వర్తించవు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అందరికీ ఒకే మోతాదు పనికిరాదు

జట్టు వైద్యం ఎక్కడ పెట్టినా లాభమేనని చెప్పేవాళ్లను నమ్మకండి. 2001లో గుజ్మాన్ బృందం 10 ప్రయోగాలను పరిశీలించి, వంద గంటలకు మించిన గట్టి కార్యక్రమాలే రోగి పని సామర్థ్యాన్ని పెంచాయని, పైపైన నడిపినవి పెంచలేదని చెప్పింది. ఆ మాట వింటే అందరికీ వంద గంటలు పెట్టాలనిపిస్తుంది. నార్వేలో 654 మంది మీద జరిగి 2002లో వెలువడిన పరిశోధన ఆ తొందరను ఆపింది. కోలుకునే అవకాశం బాగా ఉన్నవాళ్లు మామూలు వైద్యంతోనే బాగుపడ్డారు. మధ్య రకం వాళ్లకు తేలికపాటి జట్టు వైద్యం సరిపోయింది. అవకాశం తక్కువగా ఉన్నవాళ్లకే సుదీర్ఘమైన, ఖరీదైన కార్యక్రమం పనికొచ్చింది. ఎవరికి ఎంత కావాలో ముందు తేల్చుకోకపోతే డబ్బు వృథా.

2011లో బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయం ఈ ఆలోచనకే రూపమిచ్చింది. 851 మంది రోగులకు చిన్న ప్రశ్నావళి ఇచ్చి ముప్పు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడుగా వేరు చేశారు. తక్కువ ముప్పు ఉన్నవాళ్లకు ఒక్కసారి ధైర్యం చెప్పి పంపించారు. ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకు మానసిక అంశాలు కలిపిన ఫిజియోథెరపీ ఇచ్చారు. మనిషికి వైద్య ఖర్చు మామూలు పద్ధతిలో 274 పౌండ్లయితే ఈ పద్ధతిలో 240 అయింది, ఆరోగ్యం కూడా ఇందులోనే ఎక్కువ మెరుగైంది. ఖర్చు తగ్గి ఫలితం పెరగడం వైద్య రంగంలో అరుదు.

ఎదురు మాట కూడా చెప్పాలి. 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, స్పష్టమైన కారణం కనపడని దీర్ఘకాలిక నొప్పి మీద మార్గదర్శకాలు ఇస్తూ, నొప్పి నిర్వహణ కార్యక్రమాలను సిఫారసు చేయలేదు. ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, ఇంకా పరిశోధన కావాలని అంది. వ్యాయామాన్నీ, మానసిక చికిత్సనూ విడివిడిగా మాత్రం సమర్థించింది. నడుము నొప్పిలో ఉన్నంత బలమైన ఆధారం అన్ని రకాల నొప్పులకూ లేదన్నది నిజం. ఈ వ్యాసంలో అంకెలు దాదాపు అన్నీ నడుము నొప్పివి కావడానికి కారణం అదే.

లాభమని తెలిసీ మూసేశారు

దీర్ఘకాలిక నొప్పి వల్ల అమెరికాకు ఏటా 560 నుంచి 635 బిలియన్ డాలర్లు ఖర్చవుతోందని 2011లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేసింది. జట్టు వైద్యం పుట్టిన దేశం అది. పని చేస్తుందని రుజువులు వచ్చిన దేశం కూడా అదే. 1992లోనే 65 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ దాని పక్షాన తేల్చింది. అయినా గుర్తింపు పొందిన జట్టు నొప్పి కార్యక్రమాలు 1998లో 210 ఉంటే 2005కి 84 మిగిలాయి.

ఎందుకంటే ఖర్చు పెట్టేది ఆరోగ్య బీమా కంపెనీ. రోగి పనిలో చేరితే మిగిలేది యజమానికి, వికలాంగ భత్యం ఇచ్చే ప్రభుత్వానికి, ఆ కుటుంబానికి. బీమా కంపెనీకి కనపడేది మూడు వారాల జట్టు వైద్యం బిల్లు మాత్రమే. దానికంటే మాత్రల చీటీ చవక. ఆక్సికాంటిన్ అనే నల్లమందు జాతి మాత్ర అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1996లో. 1999 నుంచి 2021 దాకా అలాంటి మందుల వల్ల, డాక్టరు రాసినవీ దొంగచాటువీ కలిపి, దాదాపు 6 లక్షల 45 వేల మంది చనిపోయారు. జట్లు మూతపడటమే దానికి కారణమని అనలేం. నొప్పితో వచ్చిన మనిషికి మాత్ర తప్ప ఇంకేమీ దొరకని పరిస్థితి దానికి తోడైందని మాత్రం అనగలం.

నెదర్లాండ్స్‌లో ఇందుకు భిన్నం. అక్కడ ఉద్యోగి జబ్బు పడితే రెండేళ్ల దాకా జీతంలో కనీసం 70 శాతం యజమానే చెల్లించాలి. అందుకే పనిలో చేరే రోజులను అంత శ్రద్ధగా లెక్కపెట్టారు. జర్మనీ ఇంకో దారి పట్టింది. ఆస్పత్రి బిల్లింగులో జట్టు నొప్పి చికిత్సకు 8-918 అని సొంత కోడ్ ఇచ్చింది, కనీసం 7 రోజుల చికిత్స ఉండాలని షరతు పెట్టింది. కోడ్ ఉంటే డబ్బు వస్తుంది, డబ్బు వస్తే జట్టు నిలుస్తుంది.

మన దగ్గర

2018లో అచ్చయిన ఒక సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 19.3 శాతం మందికి దీర్ఘకాలిక నొప్పి ఉంది. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. నాట్లు వేసే కూలీ, బీడీలు చుట్టే ఆమె, మూటలు మోసే హమాలీ, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు అందరూ ఇందులో ఉన్నారు. వీళ్లు నడిచే దారి మనందరికీ తెలుసు. ముందు ఆర్‌ఎంపీ ఇంజెక్షను, తర్వాత మందుల షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రలు, ఆ తర్వాత పట్నంలో ఎంఆర్‌ఐ, ఆపైన అప్పు.

2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. అసంఘటిత కూలీకి జబ్బు సెలవు లేదు. వైద్యం ఖర్చూ అతనిదే, పోయిన కూలీ అతనిదే. అమెరికాలో వేరువేరుగా ఉన్న రెండు జేబులు ఇక్కడ ఒకే చొక్కాకి ఉన్నాయి. రోజుకు 600 కూలి, నెలకు 25 పని దినాలు అనుకుంటే నాలుగు నెలలు పని పోతే 60 వేల రూపాయలు. నెదర్లాండ్స్ ఫలితం మన దగ్గర అచ్చంగా అలాగే వస్తుందని హామీ ఇవ్వలేం. అందులో సగం వచ్చినా 30 వేలు ఆ ఇంట్లో నిలుస్తాయి. కానీ ఆ కూలీ తన డబ్బుతో జట్టును కొనుక్కోలేడు, ఎందుకంటే అమ్మేవాడు లేడు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. దాని నిర్మాణం మాత్రం ఆస్పత్రిలో చేరి చేయించుకునే ప్యాకేజీల చుట్టూ ఉంది. ఆరు వారాల పాటు వారానికోసారి వచ్చి గుంపుగా కూర్చునే చికిత్స అలాంటి చట్రంలో ఇమడదు.

రెండు జేబులూ తన దగ్గరే ఉన్న సంస్థ మన దేశంలో ఒకటుంది, ఈఎస్‌ఐ. కార్మికుడి వైద్యం ఖర్చూ అదే భరిస్తుంది, జబ్బు పడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం భత్యమూ అదే ఇస్తుంది. 88 రోజుల్లో పనిలో చేరే మనిషి ఆ 91 రోజుల లోపే ఉంటాడు. 208 రోజులు పట్టే మనిషికి 117 రోజులు ఆ భత్యం ఉండదు. డిస్క్ జారినట్టు నిర్ధారణ అయితే, అర్హత ఉన్నవాళ్లకు, దీర్ఘకాలిక జబ్బుల జాబితా కింద 80 శాతం లెక్కన రెండేళ్ల వరకూ భత్యం వస్తుంది. ఆ జాబితాలో కారణం తేలని మామూలు నడుము నొప్పి లేదు. భత్యం అందే కాలంలో కార్మికుడు ఒక రోజు ముందు పనిలో చేరితే ఈఎస్‌ఐకి ఒక రోజు భత్యం మిగులుతుంది, అతనికి పూర్తి జీతం దక్కుతుంది. మన దేశంలో జట్టు వైద్యం గిట్టుబాటు లెక్క ఇంత సూటిగా కుదిరే చోటు నాకు మరొకటి కనపడలేదు.

కాబట్టి ఈఎస్‌ఐ అధికారులకూ, రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకూ, కార్మిక సంఘాల నాయకులకూ నా విన్నపం ఇదే. సనత్‌నగర్‌లోనో విశాఖలోనో ఒక్క ఆస్పత్రిలో మొదలుపెట్టండి. ఒక డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక మనస్తత్వ నిపుణుడు, ఫ్యాక్టరీకి వెళ్లి సూపర్‌వైజరుతో మాట్లాడే ఒక ఉద్యోగి చాలు. మూడు నెలలు దాటిన నడుము నొప్పితో భత్యం తీసుకుంటున్న కార్మికుల్లో కొందరిని చీటీలు తీసి ఆ జట్టుకు అప్పగించండి, మిగతావాళ్లకు ఇప్పుడున్న వైద్యమే కొనసాగించండి. ఏడాది తర్వాత రెండు గుంపుల్లో ఎవరు ఎన్ని రోజులకు పనిలో చేరారో, ఎంత భత్యం చెల్లించారో లెక్క తీసి జనం ముందు పెట్టండి.